కొన్న సినిమా ఎవరిది?

సినిమాను కొనుక్కోవడం అనే మాట మా తాతల తరానికి అర్థమయ్యేది కాదు. సినిమా చూసేది, పాటల పుస్తకం కొనేది. హాలు బయట అణాకో బేడకో దొరికే ఆ పల్చటి పుస్తకం కథను సగంలో ఆపి, తక్కినది వెండితెర మీద చూడమనేది. తర్వాత వీడియో క్యాసెట్టును అద్దెకు తెచ్చుకున్నాం. ఆ పైన వీసీడీలు, డీవీడీలు కొన్నాం. ఇప్పుడు పెట్టె లేదు, పళ్లెం లేదు. టీవీ తెర మీద ఒక మీట నొక్కితే కొనుగోలు పూర్తయిందని వస్తుంది. ఇంట్లో సొంతంగా ఒక చిత్ర భాండాగారం కట్టుకునే అవకాశం సామాన్యుడికి దక్కిందని సంబరపడుతున్నాం. కొన్నది ఏమిటి, అది ఎంతవరకు మనది, అసలు అది ఆ సినిమాయేనా అని మాత్రం ఎవరూ అడగడం లేదు. పుస్తకాల విషయంలో మన పండితులు ఈ ప్రశ్నలన్నీ ఏనాడో అడిగారు. సినిమా విషయంలో కూడా అడగవలసిన అవసరం వచ్చిందని నా మనవి.

సాహిత్య పత్రికలో సినిమాల కొనుగోలు ప్రసక్తి ఏమిటని కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. తెలుగు రాష్ట్రాలలో ఉండేవారికి ఇది కాలక్షేపం విషయమే. మనకు అలా కాదు. హోసూరులోనో, బరంపురంలోనో, బళ్లారిలోనో, షోలాపూరులోనో పుట్టిన మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో వేరే లిపి దిద్దుతారు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని బడిలో మొదటి భాషగా తప్పనిసరి చేసింది. ఆ చట్టం మంచిచెడ్డల చర్చకు ఇది చోటు కాదు. దాని తర్వాత బడికి వెళ్లిన పిల్లలలో చాలామందికి తెలుగు చెవికి తెలిసిన భాషే తప్ప కంటికి తెలిసిన భాష కాదన్నది ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన సంగతి. చదవలేని పిల్లకు పింగళి నాగేంద్రరావు మాట ఎలా అందాలి? దేవులపల్లి కృష్ణశాస్త్రి పలుకు ఎలా అందాలి? వినడం ఒక్కటే దారి. ఆ దారిలో పాత తెలుగు సినిమాకు సాటి వచ్చే గురువు లేడు. మన ఇళ్లలో సినిమాల అర అంటే పుస్తకాల అరే.

పొరుగు గడ్డ మీద తెలుగు సినిమా తెలుగులోనే నిలబడిన రోజులు మనం ఎరుగుదుం. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' మద్రాసులో, బెంగుళూరులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తమిళులు, కన్నడిగులు మన మాటల్ని మన మాటలుగానే విని ఆదరించారు. ఆ ఆదరణ హాలుది. ఆ నాటి హాళ్లు ఎన్నో మూతపడ్డాయి, ఉన్నవాటిలో పాత చిత్రం ఆడదు. పాత సినిమాకు ఇక ఇల్లే హాలు. కనుక ఇంటికి ఏ సినిమా తెస్తున్నామో, ఏ ప్రతి తెస్తున్నామో ఆలోచించి తేవాలి. నా లెక్కలో అరలోకి వచ్చే ప్రతి సినిమాకు మూడు పరీక్షలు ఉన్నాయి. అది మన భాషలో ఉండాలి. అది మొత్తంగా ఉండాలి. అది మన చేతిలో ఉండాలి.

మొదటి పరీక్ష చాలా తేలికగా కనబడుతుంది. తెలుగు సినిమా తెలుగులో కాక ఎందులో ఉంటుందంటారా? తెలుగు చిత్రపరిశ్రమ చాలాకాలం మద్రాసులోనే ఉంది. ఒకే కథను, ఒకే సెట్టు మీద రెండు భాషల్లో తీయడం విజయా వారికి అలవాటు. 1955 నాటి 'మిస్సమ్మ' తెలుగులో ఎన్టీఆర్, ఏఎన్ఆర్‌లది. తమిళ 'మిస్సియమ్మ'లో జెమినీ గణేశన్, తంగవేలు ఉంటారు. సావిత్రి రెండింటిలోనూ ఉంది. 1957 నాటి 'మాయాబజార్' కూడా అంతే. తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుడి వేషం తమిళంలో జెమినీ గణేశన్ వేశాడు. కృష్ణుడు, ఘటోత్కచుడు, శశిరేఖ మాత్రం రెండిటిలోనూ రామారావు, రంగారావు, సావిత్రులే. పేరు ఒకటే, బొమ్మ దాదాపు ఒకటే. తమిళనాట కూర్చుని ఆ పేరు వెతికితే ముందు ఏది వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. తమిళ ప్రతి తక్కువదని నేను అనడం లేదు. అది వేరే రచన. మన పిల్లకు పింగళి మాటలు కావాలి కాబట్టి ఆ తేడా మనకు తెలిసి ఉండాలి.

పాత సినిమాల సంగతి అటుంచితే కొత్తవాటిలో ఈ చిక్కు మరీ పెద్దది. 'ఆర్ఆర్ఆర్' 2022 మే 20 నుంచి ఇళ్లలోకి వచ్చింది. తెలుగు మూలం, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ ఫైవ్‌లో వచ్చాయి, హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దేశదేశాల ప్రేక్షకులు ఎక్కువగా చూసింది ఆ హిందీ గొంతే. మరుసటి ఏడు మార్చిలో ఆ చిత్రంలోని పాటకు ఆస్కారు వచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. చంద్రబోసు రాసిన ఆ తెలుగు పాట బహుమతి అందుకుంది, సినిమాలోని తెలుగు మాట మాత్రం ఎందరి చెవినో పడనే లేదు. ఏ భాష ఏ వేదికలో ఉండాలన్నది వ్యాపారి నిర్ణయం. ఎక్కువమంది ఏది అడిగితే అది ముందు పెడతాడు. అతన్ని తిట్టి లాభం లేదు. కొనే ముందు ఆడియోల జాబితాలో తెలుగు ఉందో లేదో చూడటం, ఉంటేనే కొనడం మన పని. ఎక్కడున్నా తక్కువ సంఖ్యలో ఉన్న మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు. అడగనిదే మన అక్షరం ఎక్కడా పెట్టలేదు, బస్సు బోర్డు మీదైనా, బడిలోనైనా.

రెండో పరీక్ష మొత్తంగా ఉండటం. ఇక్కడ విమర్శకుడికి నిజమైన పని ఉంది. 'కన్యాశుల్కం' గురించి మాట్లాడేవాడు 1897 ప్రతి గురించి మాట్లాడుతున్నాడా, 1909 ప్రతి గురించా అని అడుగుతాం. గురజాడ నాటకాన్ని అంతగా తిరగరాశాడు కాబట్టి ఆ ప్రశ్న వేయకుండా చర్చ సాగదు. సినిమాకు మాత్రం అన్ని ప్రతులూ ఒకటే అనుకుంటాం. నేను డబ్బు కట్టి కొన్న ఒక పౌరాణిక చిత్రంలో పద్యాలు మూడు లేవు. కథ నడవడానికి అవి అడ్డమని ఎవరో కత్తిరించారు. అమ్మినవారి పేరు అనవసరం, అందరూ చేస్తున్న పనే. తెలుగువాడు తన పద్యాన్ని సినిమాలో కూడా వదులుకోలేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ పద్యమే లేని పౌరాణికం మన పిల్లకు ఇస్తే, పద్యమంటే ఏమిటో తెలిసే ఆఖరి అవకాశం కూడా పోతుంది.

పద్యం పోతే చెవి పట్టేస్తుంది. బొమ్మ పోతే కన్ను పట్టదు. పాత సినిమాల తెర దాదాపు చదరానికి దగ్గరగా, నాలుగుకు మూడు పాళ్లలో ఉండేది. ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది పాళ్ల వెడల్పు. పాత బొమ్మను అలాగే పెడితే రెండు పక్కలా నల్లని పట్టీలు వస్తాయి. కొనేవాడికి అవి నచ్చవని పైనా కిందా కోసి బొమ్మను సాగదీస్తున్నారు. లెక్క వేస్తే బొమ్మలో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. కిరీటం తెగిపోతుంది, పాదాలు తెగిపోతాయి. నాట్యంలో పాదం కనబడకపోతే మిగిలేది ఏమిటి? నల్లని పట్టీలు ఉన్న ప్రతే పూర్తి ప్రతి అని ఇంటిల్లిపాదికీ చెప్పాలి. టీవీలో 'జూమ్' మీట నొక్కి ఆ పట్టీలను మాయం చేసే బావగారు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు. ఆయనకు కూడా చెప్పాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. మన దేశంలో వాడుకలో ఉన్న పాల్ టీవీ పద్ధతి సెకనుకు 25 బొమ్మలది. ఆ పద్ధతిలోకి మార్చేటప్పుడు సినిమాను కొంచెం వేగంగా తిప్పేస్తే మూడు గంటల చిత్రం ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. ఒక్క సన్నివేశం కూడా పోదు. శ్రుతిని విడిగా సరిచేయకపోతే గొంతులు మాత్రం కాస్త పైకి లేస్తాయి. ఘంటసాల గొంతు ఎరిగినవాడికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేడు. డీవీడీ మీద వేసిన నిడివికీ అసలు నిడివికీ తేడా కనబడితే కత్తెర ఒక్కదాన్నే అనుమానించనక్కరలేదు. ఇలాంటివి తాళపత్రాల్లో లేఖక దోషాల వంటివి. తెలిసినవాడు సరిచేసుకుని చదువుకుంటాడు.

రంగుల 'మాయాబజార్' సంగతి కూడా చెప్పుకోవాలి. 2010 జనవరిలో ఆ చిత్రాన్ని రంగులద్ది విడుదల చేశారు. నలుపు తెలుపులంటే ఆమడ దూరం పారిపోయే పిల్లల్ని అది హాలులో కూర్చోబెట్టింది. ఆ మేలు కాదనను. అయితే మార్కస్ బార్ట్లీ ఆ చిత్రానికి వెలుగునీడలు దిద్దింది నలుపు తెలుపుల కోసమే. పడవ మీద పాటలోని వెన్నెల ఆయన కెమెరాతో కట్టిన వెన్నెల. దాని మీద రంగు వేస్తే మూలానికి రాసిన వ్యాఖ్యానం అవుతుంది. వ్యాఖ్యానాన్ని కూడా చదువుకుందాం, మూలాన్ని అటకెక్కించకుండా. ఇంటి అరలో రెండు ప్రతులూ పక్కపక్కన ఉంటే పిల్లలే తేల్చుకుంటారు.

ఇక మూడోది, చేతిలో ఉండటం. తెర మీద 'కొనండి' అనే మీట కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులు చదివితే, అక్కడ అమ్ముతున్నది సినిమా కాదని, చూసుకోవడానికి ఇచ్చే అనుమతి అని తెలుస్తుంది. అమెరికాలో ఎన్నో దుకాణాల్లో కొన్న సినిమాలను ఒకేచోట చూపించిన 'అల్ట్రావయొలెట్' అనే సేవ 2019 జూలై 31న మూతపడింది. 2022లో జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో ప్లేస్టేషన్ దుకాణంలో జనం డబ్బిచ్చి కొన్న వందల సినిమాలు, హక్కుదారుతో ఒప్పందం ముగిసిందని వాళ్ల ఖాతాల్లోంచి పోయాయి. మైక్రోసాఫ్ట్ 2025 జూలైలో సినిమాల అమ్మకం ఆపేసింది, అంతకుముందు కొన్నవి చూసుకోవచ్చని మాత్రం చెప్పింది. ఈ గొడవలు చూసే కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ సరుకు అమ్మేవాడు, ఇది లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. మన దగ్గర అలా చెప్పేవాళ్లు లేరు కాబట్టి మనకు మనమే చెప్పుకోవాలి.

దీని పక్కన మరో చరిత్ర పెట్టి చూడండి. రెండువేల ఏడు ప్రాంతంలో మోసర్ బేర్ అనే సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి బజారును కుదిపేసింది. కిళ్లీ కొట్లో కూడా సినిమా దొరికేది. ఆ సంస్థను 2018లో మూసివేతకు పంపించారు. అమ్మినవాడు లేడు, ఆ 28 రూపాయల పళ్లెం మాత్రం గీతలు పడకుండా దాచుకున్నవారి ఇంట్లో ఇవాళ్టికీ తిరుగుతూనే ఉంది. దాని బొమ్మ 352 చుక్కల వెడల్పే, ఇప్పటి పెద్ద టీవీ మీద అలుక్కుపోయినట్టు కనబడుతుంది. అయినా అది మన వస్తువు. పక్కింటి పిన్నిగారికి ఇవ్వవచ్చు, కూతురికి సారెతో పాటు పంపవచ్చు. ఖాతాలో ఉన్న సినిమాను ఎవరికి పంచి ఇస్తాం? తాత పోయాక ఆయన ఖాతా మాట ఏమిటి? భాషను ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించాలనుకునేవారికి ఇది చిన్న ప్రశ్న కాదు.

ఉచితంగా అన్నీ దొరుకుతుంటే ఈ తంటా ఎందుకని అడిగేవారున్నారు. దొరకడం నిజమే. పైన చెప్పిన నాలుగో వంతు కోత, పద్యాల కోత, మూల మీద మెరిసే ముద్ర, పాట మధ్యలో సబ్బు ప్రకటన, అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. ఇవాళ ఉన్నది రేపు ఉంటుందన్న పూచీ లేదు. నెలకింత కట్టి చూసే వేదికలూ అంతే. ఒప్పందం ఉన్నంతకాలం ఉంటుంది, తర్వాత చెప్పకుండా పోతుంది. కొత్త సినిమా ఒకసారి చూసి వదిలేయడానికి ఆ వేదికలు చాలు, నేనూ కడుతున్నాను. మళ్లీ మళ్లీ చూడవలసినవి, పిల్లకు నేర్పవలసినవి మాత్రం డిస్కు దొరికితే డిస్కు కొనడం, ఫైలుగా మన చేతికి ఇచ్చేవాడు ఉంటే అతని దగ్గర కొనడం మేలు.

డిస్కు కూడా శాశ్వతం కాదు. పొర ఊడుతుంది, తిప్పే యంత్రాలు కరువవుతున్నాయి. కాబట్టి దాన్ని హార్డ్ డిస్కు మీదికి ఎక్కించుకోవాలి. చట్టం మాట కూడా చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన వాడుకను మన్నిస్తుంది. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కుల్ని భంగపరిచే ఉద్దేశంతో డిజిటల్ తాళాలు విరగ్గొట్టడాన్ని నేరం చేసింది. కొన్న డిస్కుకు సొంత ప్రతి వేరు, ఊరంతా పంచే దొంగ ప్రతి వేరు. రెండోదాని జోలికి పోవద్దు. ఒక్కో డీవీడీకి 8 గిగాబైట్లు వేసుకున్నా 2 టెరాబైట్ల హార్డ్ డిస్కులో 250 సినిమాలు పడతాయి. అదొక్కటే నమ్ముకుంటే అది ఆగిన రోజు అన్నీ పోతాయి. తెలిసినవారు చెప్పే సూత్రం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. మన పెద్దలు దస్తావేజుల నకలు మేనమామ ఇంట్లో దాచడం ఎరిగినవారికి ఇందులో వింత లేదు.

ఫైలు పేరులో సినిమా పేరుతో పాటు సంవత్సరం, భాష రాయండి. దానికి తోడుగా ఒక చిన్న కాగితమో, ఫైలో పెట్టుకోండి. దర్శకుడు, మాటలు, పాటలు, సంగీతం, నిడివి, ఈ ప్రతి ఎక్కడిది, ఇందులో ఏమి లోపించింది అన్నవి రాయండి. అమ్మే వేదికల్లో హీరో పేరు ఉంటుంది, మాటలు రాసినవాడి పేరు వెతికినా దొరకదు. 'మల్లీశ్వరి'కి మాటలు, పాటలు కృష్ణశాస్త్రివని, 'మిస్సమ్మ'కు మాటలు చక్రపాణివని తెలియకుండా ఆ సినిమాలు చూడటం ముఖపత్రం చింపేసిన పుస్తకం చదవడం లాంటిది. రచయిత పేరు లేకుండా సినిమాను అందించే పద్ధతిని సాహిత్య పత్రికలు ఇప్పటికైనా తప్పుపట్టాలి.

తెలుగు గ్రంథాన్ని కాపాడే పని తెలుగు నేల ఒక్కటే చేయలేదు. విజయరాఘవ నాయకుడి కొలువులో పుట్టిన యక్షగానాల తాళపత్రాలను తమిళ నేల నడిబొడ్డున తంజావూరు సరస్వతీ మహలు దాచింది. సి.పి. బ్రౌను కూడబెట్టిన ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారానికి చేరాయి. సినిమాకు అలాంటి దాపు ఆలస్యంగా దొరికింది. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఇవాళ చూడటానికి లేదు. జాతీయ ఫిల్ము భాండాగారం పూనాలో ఏర్పడింది 1964లో. 2003 జనవరిలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పాత నైట్రేటు రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి. పెద్ద భాండాగారానికే అంత ఆపద ఉన్నప్పుడు చిన్న అరలు వంద చోట్ల ఉండటం మంచిది. సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1960కి ముందు వచ్చిన చిత్రాలకు సినిమాగా ఆ గడువు తీరిపోయింది. పాటల, సంగీతపు హక్కుల లెక్క వేరు, అది విచారించి, మన తెలుగు సంఘాలు ఉగాదికి శాలువాలు కప్పే ఖర్చులో కొంత తీసి ఒక్కో మంచి ప్రతి సంపాదించలేవా?

చివరిగా ఒక హెచ్చరిక. సినిమా తెలుగు ఒక్కటే తెలుగు అని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. తెర మీది మాటకూ హోసూరు నాయనమ్మ మాటకూ చాలా దూరం. తెర మీదిది ఒప్పు, నాయనమ్మది తప్పు అని ఇంట్లో మొదలైన రోజున ఈ అర మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అందుకని ఆ హార్డ్ డిస్కులోనే కొంత చోటు ఇంటి పెద్దల మాటకు ఇవ్వండి. వాళ్ల సామెతలు, సుద్దులు, సినిమా చూస్తూ వాళ్లు విసిరే వ్యాఖ్యలు ఫోనులో పట్టి దాచండి. సినిమా ఇంకో ఊరి అరలో దొరకవచ్చు. నాయనమ్మ గొంతుకు మన ఇంట్లో ఉన్నది తప్ప వేరే ప్రతి ఉండదు.